చిన్నాలమ్మ జీపుకు ఆయిలు మార్చిన కథ

అన్యాయం జరిగింది గెమ్మెలి చిన్నాలమ్మకు. 2016 మార్చి పదకొండో తేదీ, పాడేరు సంత రోజు, పట్టపగలు, నూటికి పైగా జనం చూస్తుండగా జరిగింది. చేసినవాడు పెంటకోట నూకరాజు. రెండు పేర్లూ ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటి కథలు చెప్పేవాళ్లు తప్పు చేసినవాడి కన్నీళ్లతో మొదలుపెట్టి, దెబ్బ తిన్న మనిషి పేరు చెప్పడానికి మూడో పేజీ దాకా తీరిక చేసుకోరు. నాకు ఆ మర్యాద చేతకాదు.

చిన్నాలమ్మది జాజులపుట్టు. అప్పటికి నలభై రెండేళ్ల మనిషి. పాడేరుకీ కొండ ఊళ్లకీ మధ్య జీపు నడిపేది. జీపు ఆమెదే, తోలేదీ ఆమే. స్టాండులో పదిహేడు జీపులుంటే ఆడమనిషి చేతిలో ఉన్న స్టీరింగు అదొక్కటే. అల్లం బస్తాలు, పిప్పళ్లు, సీతాఫలాల గంపలు, కోళ్లు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, అందరూ అన్నీ ఆ జీపులోనే కొండ దిగాల్సిందే. ఇరవై ఆరేళ్ల పాత డీజిలు బండి. పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు డిప్‌స్టిక్ తీసి, కొంగుతో తుడిచి, ఆయిలు గీత దాకా ఉందో లేదో చూసుకోనిదే ఆమె తాళం తిప్పి ఎరగదు. మగ డ్రైవర్లు ఎంతమంది ఆ పని చేసేవాళ్లో నన్నడగొద్దు.

నూకరాజు మెకానిక్కు. కొండ దిగువన మాడుగులలో శరగడం జోగినాయుడు మేస్త్రి దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుని, పాడేరు వచ్చి సొంతంగా షెడ్డు పెట్టాడు. షెడ్డు కంటే బోర్డు పెద్దది. బండి లాగడం లేదు, పొగ వస్తోంది అని చిన్నాలమ్మ అతని దగ్గరికే తీసుకెళ్లింది. ఇంజిన్ నెత్తిన ఉండే మూత, టాపెట్ కవర్, విప్పి చూస్తే లోపల ఇనుమంతా గోధుమరంగు అట్టలు కట్టి ఉంది. బెల్లం వండే పెనం అడుగంటితే ఎలా ఉంటుందో అలాగ. దాన్ని వార్నిష్ అంటారు. వేడికి మరిగి మరిగి, ఆయిలే ఏళ్ల తరబడి ఇనుముకి అతుక్కుపోతుంది. గుడ్డతో తుడిస్తే రాదు, గోటితో గీకినా రాదు. దీనికి మన మెకానిక్కుల దగ్గర ఒక వాడుక ఉంది. ఆయిలు దించేసి, కిరసనాయిలు పోసి, పది నిమిషాలు ఇంజిన్ ఆడించి వదిలేస్తారు. దానికి ఇంజిన్ కడగడం అని పేరు. పాత ఇంజిన్లకి ఈ వైద్యం చెయ్యొద్దని జోగినాయుడు శిష్యులకి చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకున్నాడు. నూకరాజు షెడ్డు రేకు తలుపు వేసుకుని మరీ చేశాడు. పది నిమిషాల్లో పని అయింది. కొత్త ఆయిలు పోసి, పైకి మెరిసే ఇంజిన్ అప్పగించాడు.

ఊడిన మడ్డి ఎక్కడికి పోతుంది? కిందికి జారింది. ఆయిల్ చాంబర్ అడుగున, ఆయిలు పీల్చుకునే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. మడ్డి వెళ్లి ఆ జల్లెడకి పట్టింది. తరవాత వచ్చిన సంతకి పద్నాలుగు మందిని ఎక్కించుకుని వస్తుంటే, ఘాటీ మధ్యలో, ఆయిలు అందడం లేదని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. ఆమె బండిని మలుపు దాటించి పక్కకి తీసే లోపల ఇంజిన్ పట్టేసింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అది దేవుడి దయ అని అందరూ అన్నారు. హ్యాండ్ బ్రేకు లాగిపట్టి, జనాన్ని దింపి, చక్రాల కింద రాళ్లు పెట్టించిన చెయ్యి ఎవరిదో ఎవరూ అనలేదు.

లారీ వెనక తాడు కట్టి జీపుని సంత స్టాండుకి లాక్కొచ్చారు. నూకరాజు వచ్చాడు, బానెట్ ఎత్తాడు, లోపల ఏం జరిగిందో చూడగానే అర్థమైంది. అర్థమైంది గనకనే తల ఎత్తి, అందరికీ వినబడేలా, ఆయిలు లేకుండా తోలేసిందన్నాడు. ఎడ్లబండి అనుకుంది కాబోలు అని కూడా కలిపాడు. నవ్వు పుట్టించే మాట కలిపితే అబద్ధానికి కాళ్లు వస్తాయని అతనికి తెలుసు. చిన్నాలమ్మ డిప్‌స్టిక్ తీసి చూపించింది. ఆయిలు గీత దాకా ఉంది. ఆ పుల్ల వంక చూసినవాడు లేడు. అందరూ అతని ఖాకీ చొక్కా వంక చూశారు. అబద్ధానికి టికెట్టు అక్కర్లేదు, కనబడిన జీపు ఎక్కేస్తుంది. సాయంత్రానికి పదహారు జీపులెక్కి పదహారు దారులు పట్టింది.

అనకాపల్లిలో ఇంజిన్ విప్పి, క్రాంక్ ఇరుసు సానపట్టించి, కొత్త బేరింగులు వేయించేసరికి ఏడు నెలలు పట్టింది. డబ్బు చాలక పాత సీళ్లూ ఇంజిన్ పైభాగమూ ముట్టుకోలేదు, కిరసనాయిలుకి లొంగని అట్టలు అలాగే ఉండిపోయాయి. విప్పిన రోజున ఆమె అక్కడే నిలబడి ఉంది. చాంబర్ దించగానే ఆ జల్లెడని చేతిలోకి తీసుకుని, సంచిలో వేసుకుని, తిన్నగా మాడుగుల వెళ్లి జోగినాయుడు ముందు పెట్టింది.

"నాను ఆయిలు నేకుండా తోలీసినానా? నువ్వు సెప్పు, మేస్త్రి బావూ."

ఆయన జల్లెడని వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక్క కన్నంలోంచీ వెలుతురు రాలేదు. "ఆయిలు ఉందమ్మా. దానికి దారి లేదు," అన్నాడు.

ఆ మాట స్టాండు దగ్గరకొచ్చి చెప్పమంది. చెప్పాల్సింది నేను కాదు, కిరసనాయిలుతో కడిగినవాడన్నాడు ఆయన. వినడానికి ఇది పెద్ద మాట. నాకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పిరికి మాటలాగే వినబడుతుంది. శిష్యుడు నోరు తెరిచేదాకా గురువు కాచుకు కూర్చుంటే, ఆ కూర్చున్నంతసేపూ ఖాళీగా తిరిగేది ఎవరి జీపు? ఆ సంగతి ఆయనకి ఆలస్యంగా తట్టింది. తట్టింది గనక ఈ కథ చెబుతున్నాను. లేకపోతే ఆయన గురించి చెప్పే పని నాకేమిటి.

జీపు తిరిగి వచ్చింది గాని జనం రాలేదు. స్టాండులో ఒక కట్టుబాటు ఉంది, వరసలో ముందున్న జీపు నిండితేనే వెనకది ఎక్కించుకోవాలి. చిన్నాలమ్మ వంతు వచ్చిందంటే చాలు, ఒకడికి మనుమరాలు గుర్తొచ్చేది, ఇంకొకతెకి సంతలో ఉప్పు కొనడం మర్చిపోయానని గుర్తొచ్చేది. గట్టు మీద కూలబడి, ఆమె బస్తాలు మాత్రం ఎత్తుకుని వెళ్లిపోయేదాకా లేచేవాళ్లు కారు. అల్లం బస్తాకి ప్రాణభయం ఉండదు కదా.

నూకరాజుని ఎవరూ శిక్షించలేదు. అతని చేతులే అతనికి ఎదురు తిరిగాయి. ఏ ఇంజిన్ విప్పినా ముందు కింద జల్లెడ చూస్తే గాని పై నట్టు బిగించలేకపోయేవాడు. రోజులో అయ్యే పనికి వారం పట్టేది. ఏడాదిన్నరకి షెడ్డు మూసి, బోర్డు అమ్మేసి, మాడుగుల వచ్చి మేస్త్రి ముందు నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, మళ్లీ శిష్యుడిగా.  ఆయన స్పానర్ల పెట్టె ఇదివరకు ఉన్నచోటే ఉందని చెప్పాడు, అంతే.

జోగినాయుడికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పడు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెడతాడు. 2018 మే నెలలో ఒకరోజు ఆయిలు కంపెనీ ఏజెంటు ఒకతను షెడ్డుకి వచ్చి, మా సింథటిక్ ఆయిలు ఒక్కసారి పోస్తే చాలు, తాతలనాటి ఇంజిన్ కూడా పెళ్లికొడుకులా తయారవుతుందని గంటసేపు ఊదరగొట్టాడు. అక్కడే ఉన్న లారీ డ్రైవరు ఒకడు, అది కొత్త కార్లకి పోసుకునే సోకు, పాత ఇంజిన్లో పోస్తే చెమట పట్టినట్టు కారిపోతుందని వాదించాడు. ఇద్దరూ వెళ్లిపోయాక నూకరాజు చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగాడు.

"మేస్త్రీ, ముప్పై ఏళ్లు పేరుకున్న వార్నిష్‌ని ఈ సింథటిక్ ఆయిలు కడుగుతుందా, కడగదా?"

ఆ రోజు షెడ్డులో అంత పాత బండి ఒక్కటీ లేదు. ఆయన అది గమనించాడు. ఏ బండి సంగతని అడిగితే, ఊరికే మాటవరసకన్నాడు నూకరాజు. మేస్త్రి లోపలికెళ్లి ఒక డబ్బా సింథటిక్ ఆయిలు, ఒక కొత్త ఫిల్టరు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. పాడేరు స్టాండులో ఇరవై ఎనిమిదేళ్ల జీపు ఒకటి ఉంది, ఈ ప్రశ్న దాన్ని అడుగు, అన్నాడు. ఫిల్టరు మార్చినప్పుడల్లా పాతదాన్ని కోసి చూసి, ఆ కాగితం తెచ్చి తనకి చూపించమని చెప్పాడు.

బస్సులో కొండెక్కినంతసేపూ ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. చిన్నాలమ్మ అతన్ని చూసి తిట్టలేదు, రమ్మననూ లేదు. చెప్పేదంతా విని ఒక షరతు పెట్టింది. రేకు తలుపు వెనక కాదు, సంత రోజున, వరసలో తన వంతు వచ్చినప్పుడు, అందరి ముందూ చెయ్యాలి. పోయినసారి చాటున చేశావు, ఏమైందో చూశావు కదా అంది. మేస్త్రికి ఈ మాట చేరితే, ఆవిడే బాగా చెప్పింది, అలాగే చెయ్యమన్నాడు.

జూన్ ఎనిమిదిన మొదటిసారి. నూకరాజు జీపు కిందికి దూరి ఆయిలు దించాడు, కొత్తది పోశాడు. పాత ఫిల్టరుని ఇనుము కోసే ఆక్సా బ్లేడుతో కోసి, లోపలి మడతల కాగితాన్ని తెల్లగుడ్డ మీద పరిచాడు. జోగినాయుడు దగ్గర పని నేర్చినవాళ్లందరికీ ఇది నియమం. ఆయన ఆ కాగితాన్ని పంచాంగం చూసినట్టు చూస్తాడు. అందులో పెద్దగా ఏమీ లేదు. చుట్టూ మూగినవాళ్లు ఏమిటిదంటే, సర్వీసింగు అన్నాడు నూకరాజు. వాళ్లు వెళ్లిపోయారు, వెనక జీపు కోసం గట్టు మీద కూర్చోవడానికి.

వారం తిరగలేదు, చిన్నాలమ్మ నుంచి కబురు. మూడు వందల కిలోమీటర్లకే ఆయిలు తారులా నల్లబడింది. పైగా గేర్‌బాక్సు వైపు, ఆయిలు కారకుండా ఆపే సీలు దగ్గర బొట్టు బొట్టుగా కారుతోంది. స్టాండులో డ్రైవర్లకి పండగే. అది సింథటిక్ ఆయిలు కాదు, కాటుక, మీ ఆడవాళ్లకి బాగుంటుందిలే అన్నాడొకడు. నూకరాజు ముఖం వేలాడేసుకుని మేస్త్రి దగ్గరికొచ్చాడు. ఆయిలు పాడైంది, ఏజెంటు మోసం చేశాడు, దించేసి పాత చిక్కటి ఆయిలే పోసేద్దామన్నాడు. చేతికి నల్లగా అంటితే ఆయిలు చచ్చిందని లెక్క వేయడం మన మెకానిక్కులందరికీ ఉన్న రోగం. మేస్త్రి కాసేపు అతని వేళ్ల వంకే చూశాడు.

"ఆ నలుపు నిన్నటిదాకా ఎక్కడుందిరా?" అన్నాడు.

ఇనుముకి అంటుకునే ఉందన్నాడు నూకరాజు. కారుతున్న సంగతి కూడా ఆయనే చెప్పాడు. సీలు ఎప్పుడో అరిగిపోయింది, ఇన్నాళ్లూ మురికే అడ్డుపడి దాని ఉద్యోగం చేస్తోంది, మురికి కదిలితే ఆ కన్నం బయటపడింది. కొత్త సీలు వెయ్యాలి గాని, మురికిని మళ్లీ వచ్చి కూర్చోమని బతిమాలకూడదు. ఐదు వేల కిలోమీటర్లు ఆగొద్దు, పదిహేను వందలకే మార్చు, మార్చిన ప్రతిసారీ ఆయిలు ప్రెజరు చూడు, చాంబర్ దించి జల్లెడ చూడు, ఊడినది ఊడినట్టు బయటికి రావాలి అని వివరంగా చెప్పాడు. చివర్న, అతను లేచి వెళ్తుండగా, వెనకనుంచి మెల్లగా అన్నాడు.

"ఊడదీయడం నీకు ముందే వచ్చు. బయటికి తీయడం నేర్చుకో."

నూకరాజు వెళ్లి, రెండు రోజులు జీపు కిందే ఉండి, గేర్‌బాక్సు దించి కొత్త సీలు వేసి వచ్చాడు.

జూలై పదమూడున రెండోసారి. ఈసారి ఫిల్టరు కోసేసరికి మడతల నిండా ఆవాల్లాంటి నల్లటి పలుకులు. తెల్లగుడ్డ మీద పరిస్తే దూరం నుంచే కనబడుతున్నాయి. కోళ్ల గంప పెట్టుకుని గట్టు మీద కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చి వంగి చూసింది. పేరు పాంగి జమున. ఘాటీలో ఇంజిన్ పట్టేసిన రోజున జీపులో ఉన్న పద్నాలుగు మందిలో ఆమె ఒకతె. ఇవి ఎక్కడివని అడిగింది. ఇంజిన్లోవన్నాడు. ఇంజిన్లోకి ఎలా వచ్చాయంది. వయసు మీద పడితే వస్తాయన్నాడు. చిన్నాలమ్మ పక్కనే బానెట్‌కి ఆనుకుని నిలబడి ఉంది.  నూకరాజు కాగితం చుట్టి, తల ఎత్తకుండా బస్సెక్కాడు.

మాడుగులలో మేస్త్రి ఆ కాగితం చూశాడు. ఎవరైనా ఏమైనా అడిగారా అన్నాడు. అడిగినదీ తను చెప్పినదీ నూకరాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు. అన్నం తినమన్నాడు. నూకరాజు ఆ పూట తినలేదు.

ఆగస్టు ఇరవై నాలుగున మూడోసారి. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం, సంత కిక్కిరిసి ఉంది. నూకరాజు ముందుగా టాపెట్ కవర్ విప్పాడు. గోధుమరంగు అట్టల మధ్య అక్కడక్కడ ఇనుము తెల్లగా తేలి కనబడుతోంది. అంచుల్లో, మూలల్లో ఇంకా అలాగే ఉంది. కవర్ బిగించి కిందికి దూరాడు. చాంబర్ దించి జల్లెడ తీశాడు. కొన్ని కన్నాలకి మడ్డి పట్టి ఉంది, మిగతావన్నీ తెరుచుకునే ఉన్నాయి. దాన్ని గుడ్డ మీద పెడుతుంటే పాంగి జమున మళ్లీ వచ్చింది. ఈసారి గంప కింద పెట్టి, జల్లెడ చేతిలోకి తీసుకుని, మేస్త్రి చూసినట్టే వెలుతురుకి పెట్టి చూసింది. అటువైపు సంత కనబడిందామెకి.

"ఆ రోజూ ఇదేనా?" అంది.

సంత గోలలో ఆ మాట ఇద్దరు ముగ్గురికి మించి వినబడి ఉండదు. ఔనని గొణిగి ఊరుకోవచ్చు. నూకరాజు జీపు కిందినుంచి బయటికొచ్చి, లేచి నిలబడ్డాడు. రెండేళ్ల కిందట ఏ గొంతుతో ఆ అబద్ధం చెప్పాడో ఆ గొంతుతోనే, అంత గట్టిగానూ చెప్పాడు.

"ఆ రోజు ఆయిలు ఉంది. ఈ జల్లెడ మూసుకుపోయింది. మూసింది నేను. కిరసనాయిలు పోసి కడిగాను, ఊడిన మడ్డి తీయలేదు. చిన్నాలమ్మ ఆయిలు చూసుకోకుండా ఏనాడూ బండి తీయలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి కళ్లూ చెమర్చలేదు. ఒక డ్రైవరు బీడీ పారేసి, ఇది చెప్పడానికి రెండేళ్లా అన్నాడు. అబద్ధాన్ని మోసుకు తిరిగిన పదహారు జీపుల్లో అతనిదీ ఒకటి. ఆ సంగతి అతనికి గుర్తు లేదు. జమున మాత్రం జల్లెడ కింద పెట్టి, నీ మాట పట్టుకుని రెండేళ్లు ఎండలో వెనక జీపు కోసం కూకున్నాను గదరా, నా మోకాళ్లకి ఎవడు సెప్తాడు సమాధానం అంది. నూకరాజు జల్లెడ కడిగి తిరిగి పెట్టాడు. చాంబర్ బిగించి, కొత్త ఫిల్టరు తిప్పి, ఆయిలు పోశాడు. 

చిన్నాలమ్మ అప్పుడు కదిలింది. క్షమించానని అనలేదు. ఎందుకనాలి? వచ్చి డిప్‌స్టిక్ తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ దింపి, బయటికి తీసి అతని ముఖానికెదురుగా పట్టుకుంది.

"ఏలెడు ఎక్కువ పోసీసినావు. తియ్యి."

చూశాడు. నిజమే, ఆయిలు గీత దాటి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ మెడలు చాచి ఆ పుల్ల వంక చూశారు. నూకరాజు మళ్లీ కిందికి దూరి, డ్రైన్ నట్టు వదులు చేసి, ఎక్కువైనది దించాడు. ఆమె మళ్లీ కొలిచింది. ఇంకాస్త అంది. ఇంకాస్త దించాడు. మూడోసారి కొలిచి, ఊఁ అని, బానెట్ వేసి, వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. ఇంజిన్ స్టార్టు చేసింది. ఎర్ర దీపం వెలిగి ఆరింది.

జమున గంప ఎత్తుకుని ముందు సీటు ఎక్కింది. ఏ మనుమరాలూ గుర్తు రాలేదామెకి. ఆమె వెనక పసిబిడ్డతో ఒక తల్లి, ఆ తల్లి పక్కన అత్త, ఉప్పు మూటతో ఒక మగాడు, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. మిగతావాళ్లు గట్టు మీదే కూర్చున్నారు. జీపు అందరి కోసం ఆగకుండా కదిలింది. నూకరాజు ఆయిలు చేతులతో అక్కడే నిలబడి, మలుపు తిరిగేదాకా చూశాడు.

సాయంత్రం మాడుగుల చేరి, ఫిల్టరు కాగితం మేస్త్రి ముందు పరిచాడు. పలుకులు ఉన్నాయి, కిందటిసారి కంటే బాగా తక్కువ. స్టాండులో ఏం జరిగిందో పొల్లు పోకుండా చెప్పాడు, వేలెడు ఎక్కువ పోసిన సంగతి కూడా. తరవాత, మే నెలలో అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాడు. కడిగినట్టేనా మేస్త్రీ?

జోగినాయుడు కాగితాన్ని వేలితో రాసి చూశాడు. వేలికి నలుపు అంటింది. ప్రతి ఫిల్టరు కాగితం మీదా ఒక మూల తేదీ, మీటరు లెక్క రాసి దాచడం ఆయన పద్ధతి. పెన్సిలు అతని చేతికిచ్చాడు. నూకరాజు కిలోమీటర్లు రాయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది కాదు. ఎంతమంది ఎక్కారన్నావు?"

"ఆరుగురు. పద్నాలుగు మంది పట్టే బండి మేస్త్రీ."

"పై నెలా వెళ్లాలి. ఇప్పటికి ఇది రాయి. 2018 ఆగస్టు 24, ఆరుగురు."